ముత్తమ్మ పుట్టలో గడ్డపార

నా ఉద్యోగంలో నాకు రెండు ప్రమోషన్లు వచ్చాయి. రెండూ ఆలస్యంగానే వచ్చాయి. వాటి సంగతి ఇంతటితో సరి. బదిలీలు, ఎంక్వైరీలు, ఎవరి మీద ఎవరు పైకి ఏం రాశారు, ఇవన్నీ తెలుసుకోవాలనుకుంటే ఏ రేంజ్ ఆఫీసు ముందున్న టీ కొట్టు దగ్గరైనా అరగంట కూర్చోండి. అంతా వాళ్లే చెబుతారు.

నేను రాస్తున్నది అడవిలో కొత్తగా బీట్ ఆఫీసర్లుగా చేరుతున్న పిల్లల కోసం. ఈ మధ్య ఆడపిల్లలు కూడా చాలామంది వస్తున్నారు. బాగా చదువుకొని వస్తున్నారు. ఫోన్‌లో మ్యాపు తెరిచి, మనం ఏ కంపార్ట్‌మెంట్‌లో ఉన్నామో, హద్దు ఎంత దూరంలో ఉందో ఇట్టే చెప్పేస్తారు. నాకు అది చేతకాదు. ఇన్నేళ్లలో నాకు వచ్చిన విద్య ఒక్కటే, నేల చూసి నడవడం. అది కూడా ఒక పుట్టను చంపిన తర్వాత వచ్చింది.

ఆ పుట్ట ఉన్న గూడెం పేరు రాయను. ఖమ్మం దాటి, భద్రాచలం అడవి చిక్కబడే చోట, ఒక వాగు పక్కన ఉందనుకోండి. పేరు రాస్తే వచ్చే ఆరుద్ర కార్తెకు పుట్టగొడుగుల కోసం కార్లు వేసుకొని దిగేవాళ్లు ఉన్నారు. నా రాతల వల్ల ఆ గూడేనికి కొత్త నష్టం జరగకూడదు. పాతది చాలు.

సీజ్ చేసిన గంప

మాది తల్లాడ దగ్గర వ్యవసాయ కుటుంబం. నాలుగెకరాల మాగాణి, కొంత మెట్ట. పుట్ట అంటే మా ఇంట్లో రెండే అర్థాలు. ఒకటి, నాగులచవితికి అమ్మ పాలు పోసే పుట్ట. రెండోది, దుక్కికి అడ్డం వచ్చిందని నాన్న తవ్వి పారేసే పుట్ట. మొదటిది ఊరికి ఒకటి ఉంటే చాలు. మిగిలినవన్నీ రెండో రకమే.

ఫారెస్ట్ గార్డుగా ఉద్యోగంలో చేరిన మొదటి వానాకాలం. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, తెల్లారకముందే యూనిఫాం తొడిగి అడవి బాటలో నిలబడేవాణ్ని. ఒకరోజు నలుగురు ఆడవాళ్లు తలల మీద గంపలతో అడవిలోంచి వస్తూ కనిపించారు. గంపల మీద టేకు ఆకులు కప్పి ఉన్నాయి. ఆపాను. ముగ్గురు పక్కకు తప్పుకొని పొదల్లోకి వెళ్లిపోయారు. ఒకామె మాత్రం నిలబడింది. ముప్పై ఏళ్లుంటాయి, నాకన్నా ఐదారేళ్లు పెద్ద. ఆకులు తీసి చూస్తే లోపల పుట్టకొక్కులు, అంటే పుట్టగొడుగులు ఉన్నాయి. మా వైపు పొలం గట్ల మీద వచ్చే చిన్నవి కావు. ఒక్కోటి అన్నం పళ్లెమంత ఉంది. గంప సీజ్ చేస్తున్నానన్నాను.

ఆమె బతిమాలలేదు. గంప దించి నా చేతికిచ్చింది.

"ఎండకు పెట్టకు సారూ. నల్లబడ్తయ్" అన్నది. అంతే, వెళ్లిపోయింది.

గంపను సైకిల్ వెనక కట్టుకొని రేంజ్ ఆఫీసుకు పోయాను. అప్పటి రేంజర్ కృష్ణా జిల్లా వైపు నుంచి వచ్చినవారు, రిటైర్మెంట్‌కు దగ్గరపడ్డ మనిషి. గంపలోకి తొంగిచూసి, నన్ను చూసి, కుర్చీలో వెనక్కి వాలారు.

"ఏమయ్యా, వీటిని ఏ సెక్షన్ కింద రాస్తావు? కలప అంటావా, వెదురంటావా?"

తిండికోసం వాళ్లు ఏరుకునే వాటి జోలికి మనం పోకూడదని ఆయన అప్పుడు చెప్పారు. రేపటికి ఇవి పురుగు పడతాయి, ఇప్పుడే పోయి ఆమె ఇంట్లో పెట్టి రమ్మన్నారు. సంజాయిషీ రాయించుకోలేదు, అరవలేదు. నేను చూసిన పై అధికారుల్లో ఆయనే మేలు. ఎందుకంటే, తప్పు చేసినవాడే నడిచిపోయి దాన్ని సరిచేసుకోవాలని ఆయన నమ్మకం. తర్వాత వచ్చినవాళ్లలో ఎక్కువమంది మెమో ఇస్తే తప్పు సరైపోతుందనుకునే రకం.

గంప పట్టుకొని గూడెం చేరేసరికి మధ్యాహ్నం దాటింది. ఆమె పేరు ముత్తమ్మ అని అప్పుడు తెలిసింది. భర్త పోడు చేనుకు పోయాడు. ఏడెనిమిదేళ్ల కూతురు జోగమ్మ గుమ్మంలో నిలబడి నా బూట్లనే చూస్తోంది. ముత్తమ్మ గంపలోవి ఒక్కొక్కటి తీసి, వాడిపోయినవి పక్కన పెట్టి, బాగున్నవి కడిగింది. మిరపకాయ, ఉల్లిగడ్డ వేసి వండి, జొన్నన్నంతో నాకు కూడా పెట్టింది. మాంసం కూర కన్నా బాగుంది. ఎవరి గంప లాక్కున్నానో ఆమె ఇంట్లోనే కూర్చొని తింటున్నానని మధ్యలో గుర్తొచ్చి సిగ్గేసింది. అయినా వదలకుండా తిన్నాను.

తల్లి చూపిస్తేనే

ఆ మరుసటి ఏడాది ముత్తమ్మ నాకు తన పుట్ట చూపించింది. అది మామూలు విషయం కాదని నాకు అప్పుడు తెలియదు.

ముందు ఆ కొక్కు గురించి చెప్పాలి. గూడెంలో దాన్ని పెద్దకొక్కు అంటారు. తెల్లటి గొడుగు, నడినెత్తిన గోధుమరంగు మొన. కాడ నేల మీద జానెడే కనిపిస్తుంది కానీ, నేలలోకి మూరెడు దిగి ఉంటుంది. వేరులా సన్నబడుతూ పోయి పుట్ట లోపల చెదలు కట్టుకున్న గూటికి అంటుకొని ఉంటుంది. చెదలు ఎండాకులు నమిలి ఆ గూడు కడతాయి. ఆ గూటి మీద కొక్కు బూజులా పెరుగుతుంది. చెదలు ఆ బూజును తిని బతుకుతాయి. వానలు పడి నేల నానాక అదే బూజు గొడుగై పైకి లేస్తుంది. చెదలు లేకపోతే ఇది లేదు. ఇది లేకపోతే ఆ చెదలు లేవు. అందుకే దీన్ని షెడ్డు వేసి, గడ్డి సంచుల్లో పెంచడం ఎవరి వల్లా కాలేదు. ఖమ్మం మార్కెట్‌లో ప్యాకెట్లలో అమ్మేవి వేరే రకాలు.

ఆ గూడెంలో కొక్కు లేచే ప్రతి పుట్టకూ ఒక ఇంటి పేరుంటుంది. మగవాళ్ల పేరు మీద కాదు, ఆడవాళ్ల పేరు మీద. తల్లి తన పుట్టను కూతురికి ఇస్తుంది. పెళ్లయిన ఏడాది కూతుర్ని వెంటబెట్టుకొని పోయి చూపిస్తుంది. చూపించడమే ఇవ్వడం, వేరే మాట ఉండదు. ఆ పిల్ల ఏ ఊరికి కోడలైపోయినా ఆరుద్ర కార్తెలో తన పుట్ట దగ్గరికి వస్తుంది. వేరే ఇంటి పుట్ట మీద ఎంత పెద్ద గొడుగు లేచినా ఎవరూ చెయ్యి వేయరు. పూర్తిగా విచ్చుకున్నవాటిని కొయ్యరు, అవి ముసలివి, పుట్టకు వదిలెయ్యాలి అంటారు. వాటి పొడి రాలితేనే మళ్లీ వస్తాయని నాకు తెలిసింది చాలా ఏళ్లకు. వాళ్లకు ఎప్పటినుంచో తెలుసు.

అన్నిటికన్నా గట్టి కట్టుబాటు ఇంకొకటుంది. పుట్టకు ఇనుము తగలకూడదు. కత్తి, కొడవలి, గడ్డపార ఏదైనా సరే, దూరంగా పెట్టి రావాలి. వేళ్లతోనే మన్ను సర్ది, కాడను మెలితిప్పి తీయాలి. ముత్తమ్మతో ఆ రోజు వెళ్లినప్పుడు నా బెల్టు బకిల్ కూడా ఇనుమే కదా అని నవ్వుతూ అడిగాను. ఆమె నవ్వలేదు. బెల్టు తీసి చెట్టుకు తగిలించి రమ్మన్నది. తీసి తగిలించాను. ప్యాంటు ఒక చేత్తో పట్టుకొని ఆ పుట్ట చుట్టూ తిరిగాను.

ఎవరికీ చూపించనిది నాకెందుకు చూపించిందని చాలాసార్లు అనుకున్నాను. గంప తిరిగి తెచ్చిచ్చిన గార్డును ఆమె అంతకుముందు చూసి ఉండదు. అంతకు మించి కారణం కనపడదు. అప్పటినుంచి నేను ఆమెను అక్కా అని పిలిచేవాణ్ని.

జామాయిల్

తర్వాత నన్ను వేంసూరు వైపు వేశారు, ఆ తర్వాత జూలూరుపాడు. చాలా ఏళ్లకు సెక్షన్ ఆఫీసర్‌గా మళ్లీ అదే అడవికి వచ్చాను. అప్పటికి జోగమ్మకు పెళ్లయింది. ముత్తమ్మ ఆమెకు పుట్ట చూపించింది.

అది జామాయిల్ తోటల కాలం. గూడేనికి తూర్పున, పాత అడవి పలచబడిందని ఒక బ్లాకును చదును చేసి జామాయిల్ మొక్కలు పెట్టాలన్నారు. పెట్టించాను. మొదటి ఏడాదే చెదలు పట్టాయి. లేత మొక్క వేరు కొరికితే మొక్క నిలువునా ఎండిపోతుంది. డివిజన్ నుంచి పెద్దసారు వచ్చి వరసల మధ్య నడిచి, ఎండిన మొక్కలను బూటు కొనతో తాకుతూ వెళ్లారు. ఆయన చెడ్డవాడు కాదు. బతికిన మొక్కల శాతం తగ్గితే తనను అడుగుతారని భయపడే మనిషి. ఆ భయాన్ని నాకు అప్పజెప్పి వెళ్లారు. నేను దాన్ని మరొకరికి అప్పజెప్పాను. మా ఉద్యోగాల్లో పని ఇట్లాగే కిందికి దిగుతుంది.

బ్లాకులో ఉన్న పుట్టలన్నిటికీ చెదల మందు పోయించాలని నేనే నిర్ణయించాను. పద్ధతి తేలిక. గడ్డపారతో పుట్ట నడినెత్తిన లోతుగా పొడవాలి, ఆ బొక్కలో మందు నీళ్లు పోయాలి, మట్టితో మూసెయ్యాలి. ఆ బ్లాకుకు వాచర్ భీమయ్య. ముత్తమ్మ సొంత తమ్ముడు. మెత్తని మనిషి, చెప్పిన పని చేస్తాడు. మొదటి రోజు పద్నాలుగు పుట్టలకు పోశాం. అవి గూడెంలో ఎవరివీ కావు, కొక్కులు రాని పుట్టలు. అయినా పొడిచేటప్పుడు భీమయ్య చెప్పులు విప్పేవాడు. బద్ధకంతో నాన్చుతున్నాడని కసురుకున్నాను కూడా.

రెండో రోజు మధ్యాహ్నం బ్లాకు చివర ఉన్న పుట్ట దగ్గరికొచ్చాం. భీమయ్య గడ్డపార కింద పెట్టేశాడు.

"సారూ, గిదొక్కటి విడిచిపెడదాం. మా అక్కది" అన్నాడు.

ఇక్కడ మీకు నిజం చెప్పాలి. చాలామంది రిటైరయ్యాక రాసే రాతల్లో "అప్పట్లో మాకు తెలియదు" అని ఉంటుంది. నాకు తెలుసు. ఆ పుట్ట ఏదో, ఎవరిదో, దాని మీద ఏం లేస్తుందో నాకు తెలుసు. బెల్టు తగిలించిన చెట్టు కొట్టేశాం కాబట్టి చోటు వెంటనే పోల్చలేదు. భీమయ్య అన్న మరుక్షణం పోల్చాను. అయినా వినలేదు. ఒకటి విడిచిపెడితే చెదలన్నీ అందులో చేరి మళ్లీ మొక్కల మీద పడతాయని శాస్త్రం చెప్పినట్టు చెప్పాను. పుట్టలకేం భీమయ్యా, మళ్లీ పెరుగుతాయన్నాను. గడ్డపార తీసుకొని పొడవమన్నాను.

భీమయ్య మందు డబ్బా పట్టుకున్నాడు కానీ గడ్డపార ముట్టుకోలేదు. దాంతో నాకు కోపం వచ్చింది. గడ్డపార నేనే తీసుకొని పొడిచాను. నేను రైతు బిడ్డను, ఒక్క పోటుకే సగం దిగింది. భీమయ్య తల తిప్పుకొని మందు పోశాడు.

ముత్తమ్మ ఆ రోజు రాలేదు. మర్నాడు వచ్చింది. పుట్ట మీద మేం మూసిన తడి మట్టిని చూసింది. ఆ తర్వాత నన్ను చూసింది.

"నీకు నేను చూపెట్టిన కద సారూ" అన్నది.

పైవాళ్ల ఆర్డరు అన్నాను. అది అబద్ధం. పుట్టలకు మందు పోయమని పెద్దసారు నోటితో కూడా అనలేదు.

పుట్ట లేచింది

జామాయిల్ బతికింది. నాకు మంచి పేరొచ్చింది. రెండేళ్లు తిరిగేసరికి నేను భీమయ్యతో అన్న మాట కూడా నిజమైంది. వానలకు కరిగి కుంగిన పుట్ట మళ్లీ లేచింది. ఎర్రమట్టితో మోకాలెత్తు, ఆపైన నడుమెత్తు పెరిగింది. నాకు ప్రాణం కుదుటపడింది. ఆరుద్ర కార్తె వచ్చింది, వానలు పడ్డాయి. ముత్తమ్మ గంప పట్టుకొని తోటలోకి పోయింది, ఖాళీ గంపతో వచ్చింది. తర్వాతి ఏడాదీ అంతే. జోగమ్మ అత్తగారి ఊరి నుంచి వచ్చి, తల్లితో పాటు పోయి, ఖాళీ చేతులతో తిరిగి వెళ్లింది.

అప్పటినుంచి నేను ఎదురైనప్పుడల్లా ముత్తమ్మ బాగున్నవా అని అడగడం మానేసింది. "రాలే" అనేది, అంతే. దెప్పుతున్నట్టు ఉండేది కాదు. వాన పడిందా లేదా చెప్పినట్టు చెప్పేది. తిట్టి ఉంటే నాకు తేలికయ్యేది.

ఒక వానాకాలం యూనివర్సిటీ నుంచి ఒక మేడం వచ్చారు, పుట్టగొడుగుల మీద పనిచేసేవారు. ఆమెను ఆ పుట్ట దగ్గరికి నేనే తీసుకుపోయాను. ఏం జరిగిందో మొత్తం చెప్పాను. ఆమె పుట్ట అంచున మట్టి కొంచెం గోరుతో గీకి, బయటికొచ్చిన చెదలను భూతద్దంలో చూశారు. ఇవి వేరే జాతి చెదలు, వీటికి కొక్కుతో పనిలేదు, పాతవి చచ్చాక ఖాళీ ఇంట్లో ఇవి చేరాయని చెప్పారు. పుట్ట పాతదే కానీ కాపురం కొత్తదన్నమాట. పాతవి తిరిగి వస్తాయా అని అడిగాను. దగ్గర్లో బతికి ఉన్న పుట్టలుంటే, ఏదో ఒక ఏడాది వానల్లో రెక్కలొచ్చి ఎగిరేటప్పుడు రావచ్చు, చెప్పలేం అన్నారు. ఈ రకం కొక్కు ఈ పక్క అడవుల్లో ఇదివరకు చాలాచోట్ల ఉండేదట, ఇప్పుడు వెతుక్కోవాల్సి వస్తోందట. నేను తల ఊపాను. ఎందుకు వెతుక్కోవాల్సి వస్తోందో ఆమెకన్నా నాకే ఎక్కువ తెలుసు.

ఆ రోజునుంచి నేల చూసి నడవడం మొదలుపెట్టాను. పాత కంపార్ట్‌మెంట్లన్నీ తిరిగాను. మా శాఖ కాగితాల్లో టేకుకు ఒక గడి ఉంటుంది, వెదురుకు ఉంటుంది, తునికాకుకు ఉంటుంది. పుట్టకొక్కుకు లేదు. గడి లేనిదాన్ని మనం చూడం. గూడెం చుట్టుపక్కల పెద్దకొక్కు లేచే పుట్టలు ఇంక తొమ్మిదే మిగిలాయని తిరిగి తిరిగి తేల్చుకున్నాను. తొమ్మిదీ గూడేనికి పడమర, చేలు దాటాక వచ్చే రాతి మిట్ట మీద ఉన్నాయి. మందు అక్కడికి పోలేదు, అక్కడ జామాయిల్ పెట్టలేదు కాబట్టి.

కందకం

నా సర్వీసు ఇంకో ఏడాదిన్నర ఉందనగా కందకాల పని వచ్చింది. అడవికీ చేలకూ మధ్య హద్దు తెలిసేలా లోతుగా కందకం తవ్వాలి. పడమటి వైపు మ్యాపులో గీసిన గీత సరిగ్గా ఆ మిట్ట మీదుగా పోతోంది. గీత ప్రకారం తవ్వితే తొమ్మిదిలో ఆరు పుట్టలు జేసీబీ బకెట్‌లోకి వస్తాయి.

ఈసారి గీత జరపాలనుకున్నాను. జరపడం కష్టం కాదు, మిట్టకు ఇవతలకైనా జరపవచ్చు, అవతలకైనా జరపవచ్చు. చిక్కంతా ఎటు అన్నదే. అవతలకు జరిపితే పుట్టలు కందకానికి బయట, చేల వైపు పడతాయి. ఆడవాళ్లు ఎప్పటిలా నడిచిపోవచ్చు. కానీ ఆ చేలల్లో అప్పటికే ఆయిల్‌పామ్ మొదలైంది, ట్రాక్టర్లు ఏటికేడు మిట్ట అంచుకు చేరుతున్నాయి. ఇవతలకు జరిపితే పుట్టలు లోపల భద్రంగా ఉంటాయి. కానీ నిలువెత్తు కందకం దాటి ఆడవాళ్లు ఎట్లా పోతారు?

ముప్పై ఏళ్ల సర్వీసులో నేను చేయని పని ఒకటి అప్పుడు చేశాను. పోయి అడిగాను. ముత్తమ్మ, జోగమ్మ, ఇంకో అయిదారుగురు ఆడవాళ్లు, భీమయ్య మిట్ట దగ్గరికి వచ్చారు. ముత్తమ్మకు అప్పటికే మోకాళ్లు పోయాయి, తమ్ముడి భుజం పట్టుకొని చేలగట్ల మీదుగా వచ్చింది. సున్నంతో రెండు గీతలూ గీయించి చూపించాను. జేసీబీ డ్రైవరు ఇంజను ఆపకుండా కూర్చొని, జల్దీ చెప్పండి సారూ, బండి కిరాయిది అని రెండుసార్లు అరిచాడు.

ఆడవాళ్లు తమలో తాము కోయభాషలో చాలాసేపు మాట్లాడుకున్నారు. చివరికి ముత్తమ్మ నా వైపు తిరిగింది.

"లోపలికే పెట్టు సారూ. బయటుంటే ట్రాక్టరొస్తది. కందకమైతే మా ఆడోళ్లు దిగి ఎక్కుతరు. ట్రాక్టరు ఎక్కది."

"మరి నువ్వెట్లా దాటుతావక్కా?" అన్నాను.

"నాకు గక్కడేం పని? నా పుట్ట తోటల ఉన్నది కద."

ఇవతలి గీతే తవ్వించాను. ఆ తొమ్మిదింటిలో ఒక పుట్ట కూతుళ్లు లేని ఒక ముసలమ్మదని, దాన్ని జోగమ్మకు ఇస్తామని ఆడవాళ్లు అక్కడే ఒప్పుకున్నారని భీమయ్య తర్వాత చెప్పాడు. అంటే ముత్తమ్మ తన కాలు ఎప్పటికీ పెట్టలేని చోటును కూతురికోసం దక్కించుకుంది. కందకం పని నడుస్తున్నప్పుడు నేను ఒకచోట గోడలు నిలువుగా కొట్టించకుండా, అటూ ఇటూ ఏటవాలుగా, అడుగు పడేలా కొట్టించాను. కొలతల పుస్తకంలో మాత్రం మొత్తం ఒకే తీరుగా ఉన్నట్టు రాశాను. ఇది చదివి ఎవరైనా నా పెన్షన్ కాగితాలు తెరిపిస్తారేమో, తెరిపించుకోనీ.

అయితే ఇందులో కూడా ఒక తప్పు చేశాను. గీత ఎందుకు జరిపావని పైనుంచి అడిగితే, మిట్ట మీద బండ తగిలిందని రాశాను. పుట్టకొక్కుల కోసం జరిపానని రాస్తే నవ్వుతారని భయం. ఆ కాగితం చూసి రేపు ఇంకో ఆఫీసర్, ఇప్పుడు పెద్ద మిషన్లున్నాయి, బండ లెక్కేంది, గీత సరిచేద్దాం అంటే అడ్డం పడే మాట ఆ ఫైల్లో ఒక్కటి కూడా లేదు. కాబట్టి మీరు అట్లా చేయకండి. పుట్టలున్నాయి కాబట్టి జరిపాను, అవి ఫలానా ఇళ్ల ఆడవాళ్లవి అని ఉన్నదున్నట్టు రాయండి. నవ్వేవాళ్లు నవ్వుతారు, ఫైలు మాత్రం ఉంటుంది.

అటువైపు

మొన్న ఆరుద్ర కార్తెలో ఆ గూడేనికి వెళ్లొచ్చాను. రిటైరయ్యాక ఏటా వెళ్తున్నాను. యూనిఫాం లేదు, బెల్టు కూడా కట్టుకోను, లుంగీతోనే పోతాను. భీమయ్య ఇంట్లో దిగాను. పొద్దున్నే జోగమ్మ గంప పట్టుకొని మిట్టకు పోయింది. నేనూ భీమయ్యా కందకం ఇవతల నిలబడ్డాం. ఏటవాలు చేసిన చోట వానకు మన్ను జారింది. అయినా అడుగులు పడుతున్నాయి. ఆమె దిగి ఎక్కి, మిట్ట మీద కనపడకుండా పోయి, గంటకు తిరిగొచ్చింది. గంప నిండా టేకు ఆకులు, ఆకుల కింద పెద్దకొక్కులు. చూసి కడుపు నిండినట్టయింది నాకు.

ఇంటికొచ్చేసరికి ముత్తమ్మ అరుగు మీద కూర్చొని ఉంది. కూతురు గంప దించితే ఒకసారి చూసి, మంచిగున్నయ్ అన్నది. ఆ తర్వాత కర్ర అందుకొని లేచింది. నేను వెంట నడిచాను.

జామాయిల్ తోట ఒకసారి కొట్టేసి, మోళ్ల నుంచి మళ్లీ లేచింది. వరసల మధ్య నేల మీద జామాయిల్ ఆకు తప్ప ఏమీ లేదు. చివర ఆ పుట్ట ఇప్పుడు ముత్తమ్మ భుజమెత్తు ఉంది. ఆమె కర్రను దూరంగా ఒక చెట్టుకు ఆనించింది, దాని కింది కొసకు ఇనుప తొడుగు ఉంది. పుట్టను పట్టుకొని మెల్లగా వంగి, ఇవతలి వైపు ఆకులు చేత్తో తొలగిస్తూ, అడుగు అడుగునా తడిమి చూసింది. చాలాసేపు పట్టింది.

"రాలే" అన్నది.

ఇన్నేళ్లయినా ఆ మాట నాకు అలవాటు కాలేదు. ఏదో ఒకటి అనాలి కదా అని, జోగమ్మ గంప నిండా తెచ్చింది కదక్కా అన్నాను.

"అది నా బిడ్డది సారూ. నాది గిదే." పుట్టకు ఆనుకొని కాసేపు ఊపిరి తీసుకుంది. "నాకు కండ్లు ఆనుతలేవు. అటు దిక్కు నువ్వు చూడు."

అటువైపు పోయి మోకాళ్ల మీద కూర్చున్నాను. గడ్డపార దించింది ఎక్కడో నాకు గుర్తుంది. ఇప్పుడు దాని మీద మూరెడు మట్టి పెరిగింది. అక్కడినుంచి మొదలుపెట్టి కిందిదాకా వేళ్లతో ఆకులు తీసి చూశాను. తడి మట్టి, చెదలు, ఇంకేం లేదు.

"రాలేదక్కా" అన్నాను.

"అవ్" అన్నది. "కార్తె ఇంక నాలుగొద్దులు ఉన్నది."

ఆ సాయంత్రమే బస్సుకు తిరిగి రావాల్సినవాణ్ని, రాలేదు. నాలుగు రోజులూ భీమయ్య ఇంట్లోనే ఉన్నాను. రోజూ పొద్దున్నే ఇద్దరం పోయి చూశాం. ఇటువైపు ఆమె, అటువైపు నేను.